సూది లేని టీకా పాలమూరు పల్లెకు ఎంత దూరంలో ఉంది?

ప్రభుత్వ టీకాల పట్టిక ముందు పెట్టుకుని లెక్కేస్తే, బిడ్డకు రెండేళ్లు నిండేలోపు 14 సూదులు పడతాయి. పుట్టగానే బీసీజీ, హెపటైటిస్-బి రెండు. ఆరో వారంలో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా), పీసీవీ (న్యుమోనియా టీకా), పోలియో ఇంజెక్షన్ కలిపి మూడు. పదో వారంలో ఒకటి, పద్నాలుగో వారంలో మళ్లీ మూడు. తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్‌తో (తట్టు, రుబెల్లా టీకా) కలిపి ఇంకో మూడు, ఏడాదిన్నర ప్రాంతంలో రెండు. మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాల్లో వీటికి మరో రెండు తోడవుతాయి. ఇందులో వద్దనుకోదగ్గది ఒక్కటీ లేదు. కానీ నెలన్నర పసిగుడ్డుకు ఒకే పూట మూడు పోట్లు పడుతున్నప్పుడు పక్కన నిలబడి చూసిన ఎవరికైనా, ఇదే మందు ఇంకో దారిలో ఇవ్వలేరా అన్న ప్రశ్న రాక మానదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఉపకేంద్రంలోనో అంగన్‌వాడీలోనో ఏఎన్ఎం కూర్చుంటుంది, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి తల్లులను పిలుచుకొస్తుంది. "సూదన్నాక ఆ మాత్రం నొప్పి ఉండదా" అని పెద్దలు కొట్టిపారేస్తారు. ఆ మాట సరికాదు. టీకా పడిన రాత్రి బిడ్డ జ్వరంతో నిద్రపోనీయకపోతే, మర్నాడు పత్తి ఏరడానికి పోవాల్సిన తల్లికి ఆ రోజు కూలి పోతుంది. తర్వాతి డోసు తేదీకి ఆ ఇంటికి తాళం కనిపిస్తే తప్పు ఆమెది అనలేం. ముంబై, పుణె, హైదరాబాద్‌లకు వలసపోయే పాలమూరు కుటుంబాల్లో ఒక డోసు తప్పితే మళ్లీ వరుసలో పడటం ఇంకా కష్టం. పెద్దవాళ్లలోనూ సూది భయం చిన్నదేం కాదు. యువతలో నూటికి 20 నుంచి 30 మందికి ఆ భయం ఉంటుందని అధ్యయనాలను క్రోడీకరించిన పరిశోధకులు 2019లో తేల్చారు. కొందరికి సూదిని చూస్తేనే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అది పిరికితనం కాదు, ఒంట్లో నిజంగా జరిగే మార్పు.

అక్కర్లేని సూది సంగతి ముందు

నొప్పి లేని ప్రత్యామ్నాయాల గురించి మాట్లాడేటప్పుడు ప్రయోగశాలల కన్నా ముందు చూడాల్సింది ఊళ్లోని ఆర్‌ఎంపీ క్లినిక్‌ను. దక్షిణ తెలంగాణలో సూదంటే భయం ఎంతో, సూది మీద నమ్మకమూ అంతే. జ్వరమొచ్చినా, ఒళ్లు నొప్పులైనా "ఒక సూది వేయి డాక్టర్" అని అడిగి మరీ వేయించుకుంటారు. వేయకపోతే వైద్యం రానట్టే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా పడే 1,600 కోట్ల ఇంజెక్షన్లలో టీకాల వాటా చాలా తక్కువ, సుమారు 5 శాతం. మిగతావి దాదాపు అన్నీ చికిత్స పేరుతో పడేవే. మన దేశంలో ఏటా 300 కోట్లకు పైగా ఇంజెక్షన్లు పడుతున్నాయని, వాటిలో దాదాపు మూడింట రెండొంతులు సురక్షితంగా లేవని 2000ల్లో జరిగిన దేశవ్యాప్త సర్వే చెప్పింది.

మామూలు వైరల్ జ్వరానికి ఇచ్చే డైక్లోఫెనాక్, బీ-కాంప్లెక్స్, యాంటీబయాటిక్ సూదుల్లో చాలావరకు అవసరం లేనివే. నోటితో మింగగలిగే మనిషికి పారాసిటమాల్ మాత్ర గంటలోపే పని మొదలుపెడుతుంది. డెంగీ అయితే డైక్లోఫెనాక్ రక్తస్రావం ముప్పు పెంచుతుంది. పిర్రలో చోటు తప్పి పడిన సూది సయాటిక్ నరానికి తగిలితే పాదం పైకి లేవకుండా వాలిపోతుంది. అలాంటి మనిషి నెలల తరబడి ఫిజియోథెరపీ చుట్టూ తిరగాలి. ఇక్కడ నొప్పి లేని ప్రత్యామ్నాయం ఎప్పుడో కనిపెట్టారు. అది పది మాత్రల స్ట్రిప్‌లో మెడికల్ షాపులోనే ఉంది.

టీబీ వైద్యంలో ఈ మార్పు పెద్ద ఎత్తునే జరిగింది. మందులకు లొంగని టీబీ సోకినవాళ్లు ఒకప్పుడు నెలల తరబడి రోజూ కనామైసిన్ సూది వేయించుకోవాల్సి వచ్చేది. పిర్రలు గట్టిపడి కూర్చోలేకపోయేవారు. అంతకన్నా ఘోరం, చాలామందికి చెవులు వినపడకుండా పోయేవి, పోయిన వినికిడి తిరిగి వచ్చేది కాదు. బెడాక్విలిన్ వంటి కొత్త మాత్రలు వచ్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్‌ను పక్కన పెట్టించింది. 2024లో భారత ప్రభుత్వం ఆమోదించిన బీపాల్ఎం చికిత్స మొత్తం నోటి మాత్రలతోనే, ఆరు నెలల్లోనే ముగుస్తుంది. సూది లేని వైద్యం అనగానే అందరి చూపూ ఏదో వింత పరికరం మీదికి పోతుంది. ఇప్పటిదాకా ఎక్కువమందిని సూది నుంచి తప్పించింది మాత్రం మంచి మాత్రే.

అన్నింటినీ మాత్ర చేయలేకపోవడానికి కారణం

మరి ఇన్సులిన్‌ను, పెంటావాలెంట్‌ను మాత్ర ఎందుకు చేయలేదు? ఇన్సులిన్ ఒక ప్రోటీన్. పప్పులోని, గుడ్డులోని ప్రోటీన్‌ను జీర్ణాశయం ఎలా ముక్కలు చేస్తుందో దాన్నీ అలాగే చేస్తుంది. జీర్ణరసాలను తట్టుకుని మిగిలినా, పేగు గోడ దాటడానికి దాని అణువు మరీ పెద్దది. ఈ అడ్డంకి ఎంత గట్టిదో తెలియాలంటే షుగర్‌కు వాడే సెమాగ్లూటైడ్‌ను చూడాలి. సూదిగా అయితే వారానికి 1 మిల్లీగ్రాము సరిపోతుంది. మాత్రగా అయితే రోజుకు 14 మిల్లీగ్రాముల దాకా, అంటే వారానికి 98 మిల్లీగ్రాములు మింగాలి. అదీ పరగడుపున, రెండు గుక్కల నీళ్లతో మింగి, అరగంట దాకా టీ కూడా తాగకుండా ఉండాలి. ఇంత చేసినా రక్తంలోకి చేరేది ఒక శాతం లోపే. మాత్ర సాధ్యమే, కానీ మందులో అత్యధిక భాగం వృథా అవుతుంది. ఆ ఖర్చు చివరికి రోగి జేబు మీదే పడుతుంది.

టీకాల్లో నోటి చుక్కలు పనిచేసేది ముఖ్యంగా పేగుల్లో పెరిగే క్రిముల మీదే. పోలియో చుక్కల్లో బలహీనపరిచిన వైరస్ పేగుల్లోనే పెరిగి అక్కడే రక్షణ పుట్టిస్తుంది. అందుకే 1995లో మొదలైన పల్స్ పోలియోలో సూదులు పట్టుకోవడం నేర్వని వలంటీర్లు కూడా బస్టాండుల్లో, బళ్లలో చుక్కలు వేయగలిగారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014లో పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ వచ్చింది. ఒక జబ్బును దేశం దాటించడంలో సూది లేకపోవడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద రుజువు లేదు. నీళ్ల విరేచనాలను ఆపే రోటావాక్ చుక్కలు మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌లో తయారై 2015లో విడుదలయ్యాయి, మరుసటి ఏడు నుంచి జాతీయ కార్యక్రమంలోకి వచ్చాయి. కలరాకు శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన షాంకాల్ టీకా కూడా నోటితో తాగేదిగానే ఉండేది. ధనుర్వాతం, కంఠసర్పి వంటి వాటికి ఈ దారి ఇప్పటికైతే లేదు.

"పెయిన్‌లెస్" అని అమ్ముతున్నది ఏమిటి?

మిర్యాలగూడలోనైనా, వనపర్తిలోనైనా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లిన కొత్త తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: "మామూలు టీకా వేయమంటారా, పెయిన్‌లెస్ వేయమంటారా?" మామూలుది సర్కారు దవాఖానాలో ఉచితం. పెయిన్‌లెస్ అయితే ఒక్కో డోసుకు వేల రూపాయలు. అప్పు చేసి అయినా బిడ్డకు నొప్పి లేని టీకా వేయించాలని చూసే కుటుంబాలు తక్కువేం లేవు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, రెండింటికీ వాడేది సూదే. తొడలో దిగేటప్పటి పోటులో తేడా ఉండదు.

తేడా అంతా లోపలి మందులో ఉంది. ఉచిత పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు బ్యాక్టీరియాను చంపి మొత్తంగా వాడతారు. అందులో వేల రకాల ప్రోటీన్లుంటాయి కాబట్టి శరీరం గట్టిగా స్పందిస్తుంది. జ్వరం, వాపు, చిరాకు ఎక్కువ. ఖరీదైన టీకాలో ఆ బ్యాక్టీరియా నుంచి శుద్ధిచేసిన రెండు నుంచి ఐదు ప్రోటీన్లే ఉంటాయి. అందుకే జ్వరం, వాపు తక్కువ. ఆ రాత్రి ప్రశాంతంగా గడుస్తుంది, నిజమే. కానీ ఆ రక్షణ త్వరగా తరుగుతుంది. 1990ల్లో పూర్తిగా ఈ రకానికి మారిన అమెరికాలో 2010లో కాలిఫోర్నియాలో, 2012లో దేశమంతటా కోరింత దగ్గు మళ్లీ విజృంభించినప్పుడు, ఈ తరుగుదలే ఒక ముఖ్య కారణమని నిపుణులు గుర్తించారు. ఉచిత టీకా వేయించిన తల్లి తన బిడ్డకు తక్కువ చేశానని కుమిలిపోవాల్సిన అవసరం రవ్వంతైనా లేదు. దగ్గు నుంచి కాపాడటంలో ఆమె బిడ్డకు అందినదే ఎక్కువ కాలం నిలిచేది.

ఇవాళే తగ్గించగల నొప్పి

కొత్త పరికరం ఏదీ రాకముందే, ఉన్న సూదితోనే నొప్పి చాలావరకు తగ్గించవచ్చు. దీనిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టమైన సూచనలు ఇచ్చింది. వాటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు అదిమి పట్టుకోవద్దు, తల్లి ఒళ్లోనే ఉంచాలి. టీకాకు కాస్త ముందు, టీకా పడుతున్నప్పుడు పాలు పట్టాలి. చప్పరించడం, తల్లి ఒంటి వెచ్చదనం, పాల తీపి మూడూ కలిసి బిడ్డ నొప్పిని తగ్గిస్తాయి. రోటా చుక్కలు కూడా అదే రోజు ఉంటే అవి ముందు వేయాలి, వాటిలోని చక్కెర పనికొస్తుంది. రెండు మూడు సూదులున్నప్పుడు ఎక్కువ మంట పుట్టించేదాన్ని ఆఖరున వేయాలి. సూది దించాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందా అని చూసే పాత అలవాటు మానేయాలి. అది సూదిని కండలో ఎక్కువసేపు ఉంచి నొప్పి పెంచుతుందే తప్ప ఉపయోగం లేదు. సూది పడే చోట ముందుగా రుద్దడం, ముందే పారాసిటమాల్ పట్టడం వంటివి మాత్రం ఆ సూచనల్లో వద్దనే ఉన్నాయి. తర్వాత జ్వరమొస్తే డాక్టరో ఏఎన్ఎమ్మో చెప్పిన మోతాదులో సిరప్ ఇవ్వడం వేరే సంగతి.

ఇంకో ముఖ్యమైన సూచన మాటకు సంబంధించింది. "నొప్పేం ఉండదు" అని పిల్లలకు అబద్ధం చెప్పొద్దని, బెదిరించొద్దని. మన ఇళ్లలో అన్నం తినకపోయినా, అల్లరి చేసినా "ఉండు, డాక్టర్‌తో సూది వేయిస్తా" అంటాం. మూడేళ్లు రోజూ ఆ మాట విన్న పిల్లాడు ఐదేళ్ల డీపీటీ బూస్టర్‌కు వచ్చేసరికి సూదిని శిక్షగానే చూస్తాడు. ఆ టెన్షన్ మనం పెంచి పోషించిందే. సూది అవసరం జీవితాంతం ఉంటుంది కాబట్టి, ఆ బెదిరింపును ఇంట్లోంచి తీసేయడం పెద్దలు పిల్లలకు చేయగల మేలు.

పెద్దవాళ్లకూ పాత భయాలు అలాగే ఉన్నాయి. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఇప్పటికీ పల్లెల్లో చెప్పుకుంటారు. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత టీకాను దేశంలో ఆపేసి రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు చర్మం పైపొరలో కేవలం 0.1 మిల్లీలీటరు చొప్పున, రెండు చోట్ల, నాలుగు రోజులు వేస్తారు: కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పన్ను దిగి చర్మం తెగితే గాయం చుట్టూ వేసే సీరం మాత్రం నొప్పిగానే ఉంటుంది, దానికి వేరే దారి లేదు. రేబిస్ వచ్చాక ప్రాణం దక్కదు. లేని పద్నాలుగు సూదులకు భయపడి పసరు మందుతో సరిపెట్టుకోవడం ప్రాణం తీసే పొరపాటు.

గాలి ఒత్తిడితో మందు

సూది లేకుండా చర్మంలోకి మందు దూర్చే ఆధునిక జెట్ ఇంజెక్టర్ ఆలోచన 1930ల నాటిది. వెంట్రుకంత సన్నని రంధ్రం నుంచి ద్రవాన్ని మహా వేగంగా తోస్తే అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మశూచి నిర్మూలనలో పశ్చిమ ఆఫ్రికాలో కాలితో తొక్కి నడిపే ఇలాంటి యంత్రాలతో గంటకు వందల మందికి టీకాలు వేశారు. కానీ ఒకే మూతిని అందరి చర్మానికీ ఆనించడంతో ఒకరి రక్తం మరొకరికి అంటుకునే ముప్పు బయటపడింది. 1980ల మధ్యలో కాలిఫోర్నియాలో ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో ఈ యంత్రం వల్లే హెపటైటిస్-బి పాకింది. 1997లో అమెరికా సైన్యం కూడా వీటిని వదిలేసింది.

ఇప్పటి పరికరాల్లో ఆ లోపం లేదు. చర్మానికి తగిలే ప్లాస్టిక్ గొట్టం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, వాడి పారేయాల్సిందే. 2021 ఆగస్టులో అత్యవసర అనుమతి పొందిన జైడస్ కోవిడ్ టీకా జైకోవ్-డి ఇలాంటి పరికరంతోనే ఇచ్చేలా తయారైంది. మనుషులకు అనుమతి పొందిన తొలి డీఎన్ఏ టీకా ప్రపంచంలో అదే. కానీ మూడు డోసులు, డోసుకు రెండు చేతులకూ ఒక్కోటి కావడంతో, కోవాగ్జిన్, కోవిషీల్డ్ అప్పటికే జనానికి చేరిపోవడంతో దాని వాడకం పెద్దగా సాగలేదు. ఐఐటీ బాంబే పరిశోధకులు షాక్ తరంగాలతో మందు పంపే సిరంజిని ఎలుకల మీద పరీక్షించి ఫలితాలు చెప్పారు, మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా మెట్లున్నాయి.

జెట్ ఇంజెక్టర్‌ను "నొప్పి అసలే ఉండదు" అని ప్రచారం చేయడం అతిశయం. రబ్బరు బ్యాండు తగిలినట్టు చురుక్కుమంటుంది, కొందరికి తర్వాత ఎర్రదనం, వాపు మామూలు సూది కన్నా ఎక్కువే ఉంటాయి. దాని అసలు విలువ మరోచోట ఉంది. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనిపించినప్పుడు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు పోలియో ఇంజెక్షన్‌ను ఐదో వంతు మోతాదులో, చర్మం పైపొరలో ఆగమేఘాల మీద వేశారు. పైపొరలో అంటే సూదిని దాదాపు చర్మానికి పడుకోబెట్టి, ఒక చిన్న పొంగు లేచేలా వేయాలి. కాళ్లూ చేతులూ కొట్టుకునే పసిబిడ్డకు అలా వేయడం అనుభవమున్న చేతులకే కష్టం. కాస్త లోతుకు పోతే డోసు చెడినట్టే. జెట్ పరికరం ఆ లోతును తానే కుదురుస్తుంది. పాకిస్థాన్‌లో పోలియో కార్యక్రమాల్లో దాన్ని వాడింది ఇందుకే. మన ఏఎన్ఎంలు ఇవాళ ఇదే ఐదో వంతు డోసును ప్రతి బిడ్డకూ మూడుసార్లు సూదితో వేస్తున్నారని గుర్తుంచుకోవాలి.

ముక్కు దారి, పీల్చే దారి

భారత్ బయోటెక్ ముక్కులో వేసే కోవిడ్ టీకా ఇన్‌కోవాక్‌ను 2023 జనవరి 26న విడుదల చేసింది. డోసుకు ఎనిమిది చుక్కలు, రెండు ముక్కు రంధ్రాల్లో నాలుగేసి. వైరస్ లోపలికొచ్చే గుమ్మంలోనే కాపలా పెట్టడం దీని ఉద్దేశం. ఆలోచన మంచిదే, వచ్చిన సమయమే కలిసిరాలేదు. అప్పటికి జనం కోవిడ్‌ను మరిచిపోయారు, ప్రైవేటులో ధర 800 రూపాయలు. ముక్కు దారి బాగా పనికొస్తున్నది టీకాల కన్నా అత్యవసర మందుల్లో. ఫిట్స్ వచ్చిన పిల్లాడికి నరం వెతికి సూది వేయడం ఇంట్లో ఎవరికీ చేతకాదు. మిడజోలం స్ప్రే అయితే తల్లే ముక్కులో కొట్టగలదు. కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూల్ ఆసుపత్రికి చేరేలోపు ఆ నిమిషాలే మెదడును కాపాడతాయి. పాము కాటుకు మాత్రం విరుగుడు నరంలోకే ఎక్కాలి, వేరే దారి చెప్పేవాళ్లను నమ్మొద్దు.

పీల్చే ఇన్సులిన్‌ది ఇరవై ఏళ్ల కథ. ఫైజర్ ఎక్సుబెరా 2006లో అనుమతి పొంది, మరుసటి ఏడే మార్కెట్ నుంచి తప్పుకుంది. పరికరం పెద్దది, ధర ఎక్కువ, కొన్నవాళ్లు తక్కువ. తర్వాత వచ్చిన అఫ్రెజ్జాను భారత్‌లో అమ్మడానికి సిప్లాకు 2024 డిసెంబరులో అనుమతి దొరికింది. భోజనం ముందు పీల్చే పొడి అది. రోజంతా పనిచేసే ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ సూది మానలేరు. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు దీన్ని వాడకూడదు. కట్టెల పొయ్యి పొగలో బతుకంతా గడిపిన మహిళలున్న మన పల్లెల్లో ఊపిరితిత్తుల పరీక్ష చేయకుండా దీన్ని రాయడం ప్రమాదం.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇవాళ నిజంగా ఊరటనిచ్చేది 4 మిల్లీమీటర్ల పెన్ సూది. పాత 8, 12 మిల్లీమీటర్ల సూదులతో పోలిస్తే ఇది తాకినట్టు కూడా తెలియదని చాలామంది చెబుతారు. ఖర్చు కలిసొస్తుందని ఒకే సూదిని పదేపదే వాడితే మొన మొద్దుబారి నొప్పి పెరుగుతుంది. ఒకేచోట పొడిస్తే కొవ్వు గడ్డకట్టి, మందు సరిగా ఎక్కదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేసుకుంటే మంట పుడుతుంది, కాసేపు బయట ఉంచాలి. "ఇన్సులిన్ మొదలుపెడితే ఇక అంతే" అని మాత్రలతోనే నెట్టుకొచ్చి కిడ్నీలు చెడగొట్టుకున్న తర్వాత ఆసుపత్రికి వచ్చేవాళ్లలో కొందరిని ఆపింది కేవలం సూది భయమే. వాళ్లకు ముందు ఈ చిన్న సూదిని చేతికిచ్చి చూపించాలి.

పట్టీ టీకా

అన్నింటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గది మైక్రోనీడిల్ పట్టీ. రూపాయి బిళ్లంత చోటులో పదుల నుంచి వేల దాకా మొనలుంటాయి. ఒక్కో మొన పొడవు మిల్లీమీటరు లోపే. వేలితో తడిమితే ఉప్పు కాగితంలా గరుకుగా తగులుతుంది. మన చర్మం పైన చచ్చిన కణాల పొర మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు వరకే. మందును ఆపే అసలు గోడ అదే. దాన్ని దాటితే చాలు, నొప్పి నరాలు ఎక్కువగా ఉండే లోతుకు దిగాల్సిన పని లేదు. పైగా ఆ పైపొర కిందే రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి. చక్కెర లాంటి కరిగే పదార్థంతో, టీకాతో కలిపి మొనలను పోతపోస్తారు. చర్మంలోని తడికి నిమిషాల్లో కరిగిపోతాయి. పట్టీ తీసేశాక మిగిలేది మొనలు లేని అట్ట ముక్క. దాన్ని పారేయడానికి ఎర్ర సంచీ, సూది కత్తిరించే కట్టర్ ఏవీ అక్కర్లేదు.

అమెరికాలోని జార్జియా టెక్‌లో మార్క్ ప్రాస్నిట్జ్ బృందం 1998 నుంచి దీని మీద పనిచేస్తోంది. ఫ్లూ టీకా పట్టీపై 2017లో వెలువడిన పరీక్ష ఫలితాల్లో, పెట్టుకున్నవాళ్లలో 96 శాతం మంది నొప్పే లేదన్నారు. ఫ్రిజ్ లేకుండా ఏడాదిపాటు నిల్వ ఉంచినా ఆ పట్టీ చెడలేదు. పిల్లల టీకాకు సంబంధించిన పెద్ద అడుగు ఆఫ్రికాలోని గాంబియాలో పడింది. తట్టు, రుబెల్లా టీకాను పట్టీ రూపంలో పెద్దలకు, ఏడాది దాటిన పిల్లలకు, తర్వాత 9 నెలల పసివాళ్లకు ఇచ్చి చూశారు. పట్టీ చర్మం మీద ఉంచింది ఐదు నిమిషాలే. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం పసివాళ్లలో ఒక్క పట్టీతోనే 90 శాతానికి పైగా తట్టు నుంచి, అందరికీ రుబెల్లా నుంచి రక్షణ వచ్చింది. సూదితో వేసినవాళ్లలోనూ దాదాపు అంతే.

దీన్ని అమ్రాబాద్ అడవి నుంచి చూస్తే అర్థం మారుతుంది. నల్లమలలో అప్పాపూర్ లాంటి చెంచు పెంటలకు (గూడేలకు) ఎంఆర్ టీకా చేరాలంటే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో, ఐస్ ప్యాకులు పెట్టిన క్యారియర్‌లో, మట్టి బాటన మోసుకెళ్లాలి. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉంటుంది. టీకా పొడి రూపంలో వస్తుంది, దాన్ని దానికిచ్చిన ద్రావకంతోనే కలపాలి. కలిపాక నాలుగు గంటల్లో వాడకపోతే పారేయాలి. ఒక సీసాలో ఐదో పదో డోసులుంటాయి. పెంటలో టీకా వేయాల్సిన బిడ్డ ఒక్కతే ఉంటే? సీసా తెరవాలా, వద్దా అన్న ఊగిసలాట అక్కడే మొదలవుతుంది. తెరవాలనే నిబంధన చెబుతుంది. కానీ లెక్కల్లో వృథా ఎక్కువ చూపించాల్సి వస్తుందన్న జంకుతో "పై వారం ఇంకో ఇద్దరు వచ్చాక చూద్దాం" అనుకునే ఆరోగ్య కార్యకర్త ప్రతి దేశంలోనూ ఉంటారు. తట్టు అంత సులభంగా పాకే జబ్బు లేదు. నూటికి 95 మందికి టీకా అందితే తప్ప ఆగదు. చందంపేట, నేరేడుగొమ్ము మండలాల తండాల్లో ఆ మిగిలిపోయిన బిడ్డే అగ్గిపుల్ల అవుతుంది. ఇక ద్రావకం తారుమారైతే జరిగే ఘోరం వేరు. 2014లో సిరియాలోని ఇద్లిబ్‌లో తట్టు టీకాను ద్రావకానికి బదులు కండరాలను సడలించే మందుతో పొరపాటున కలిపారు. 15 మంది పసిపిల్లలు చనిపోయారు.

ఒక పట్టీ, ఒక బిడ్డ. కలిపేది లేదు, వృథా లేదు, సిరంజి లేదు. సూది వేయడం రాని ఆశా కార్యకర్త కూడా కొద్దిపాటి శిక్షణతో పెట్టగలదు. పేద దేశాలకు టీకాలు అందించే అంతర్జాతీయ కూటమి గావి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2020లో కొత్త టీకా పద్ధతులను బేరీజు వేసినప్పుడు ఈ పట్టీలకే మొదటి ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం బిడ్డ ఏడుపు ఒక్కటే కాదు, ఈ దూరం.

ఇంకా తేలాల్సినవి ఉన్నాయి. తట్టు వైరస్ బతికున్న వైరస్, ఫ్లూ టీకా కన్నా వేడికి సున్నితం, కాబట్టి ఫ్రిజ్ లేకుండా ఏడాది అన్న లెక్క దీనికి అలాగే వర్తించదు. మూడో దశ పరీక్షలు పెద్ద సంఖ్యలో పిల్లల మీద జరగాలి. కోట్ల సంఖ్యలో మొనలను ఒకే నాణ్యతతో, సూక్ష్మక్రిములు లేకుండా పోతపోసే ఫ్యాక్టరీలు ఇంకా పెద్ద ఎత్తున రావాలి. పెంటావాలెంట్ లాంటి ఎక్కువ మోతాదు టీకాలు పట్టీలో పట్టడం ఇంకా కష్టం, కాబట్టి 14 సూదులూ ఒకేసారి మాయం కావు. మొదట తగ్గేవి ఎంఆర్ రెండు డోసులే కావచ్చు. ధర సంగతి అన్నింటికన్నా పెద్దది. మామూలు ఎంఆర్ డోసు ప్రభుత్వానికి చాలా చౌకగా పడుతుంది. మొదట్లో పట్టీ అంతకన్నా ఖరీదే అవుతుంది. దాన్ని డోసు ధరతో మాత్రమే పోల్చి "దండగ" అనేస్తే లెక్క తప్పుతుంది. క్యారియర్, ఐస్, సిరంజి, వృథా అయిన సీసా, అడవిలోకి రెండోసారి నడిచిన ఏఎన్ఎం రోజు, అన్నీ కలిపి చూడాలి.

మార్కెట్‌కు వదిలేస్తే పట్టీ టీకా కూడా ముందుగా కార్పొరేట్ ఆసుపత్రుల్లో "పెయిన్‌లెస్" బోర్డు కిందే కనిపిస్తుంది. ఫ్రిజ్, ఏసీ, పిల్లల డాక్టర్ అన్నీ ఉన్న చోట దాని అవసరం అతి తక్కువ. జాతీయ కార్యక్రమంలోకి వచ్చే తొలి పట్టీలు మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని పెంటలకు, దేవరకొండ తండాలకు, వలస కూలీల ఇటుక బట్టీలకు వెళ్లాలి. వీటిలో ఏ ఊళ్లో ఎంతమంది తొమ్మిది నెలల పిల్లలు మిగిలిపోతున్నారో ఉపకేంద్రం రిజిస్టర్లలో, టీకాల వివరాలు నమోదు చేసే యూ-విన్ పోర్టల్‌లో ఉండాల్సిన లెక్కే. ఆ జాబితాను పట్టీ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే సరిచేసుకోవచ్చు. ఈలోగా ఆ పిల్లలకు ఉన్న సూదే వేయాలి, టీకా వేయాల్సిన బిడ్డ ఒక్కరే ఉన్నా సీసా తెరిచి వేయాలి.